చిన్నబండిలో రెండో సీటు

నాకు తరచూ వచ్చే కల ఒకటుంది. రెడ్డిగూడెం దగ్గర మా తోటకి వెళ్ళే దారి. రెండు వైపులా మామిడిచెట్లు. నేను చిన్నబండిలో కూర్చుని ఉంటాను. బండి కదులుతూ ఉంటుంది గానీ చప్పుడుండదు. గాలి మొహానికి కొడుతుంది, కొప్పు ఊడిపోతుంది, నేను పట్టించుకోను. అలా చాలా దూరం పోయాక, ఇంతకీ బండి నడుపుతున్నది ఎవరా అని పక్కకి తిరుగుతాను. అంతే, మెలకువ వచ్చేస్తుంది. పైన ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. పక్కన మా ఆయన గుర్రు పెడుతూ ఉంటారు.

పెళ్ళయిన కొత్తలో నెలకోసారి వచ్చేది. పిల్లలు పుట్టాక తగ్గింది. మధ్యలో కొన్నేళ్ళు అసలు రాలేదు, నేనూ మర్చిపోయాను. ఈ వేసవిలో మాత్రం వారానికి రెండుసార్లు రావడం మొదలుపెట్టింది. దానికి కారణం ఉంది, చెప్తాను.

మా ఆయన పేరు చంద్రశేఖరం. తిరువూరులో మాకు రైసుమిల్లు ఉంది. చిన్నబండి అంటే మా మామగారు నూజివీడు వైపు ఎవరో పెద్దింటివాళ్ళ దగ్గర ముచ్చటపడి కొన్న పాత స్పోర్ట్సు కారు. ఇంగ్లండులో తయారైందట. అసలు పేరు నాకు నోరు తిరగదు, ఊళ్ళో వాళ్ళకీ తిరగలేదు, అందుకని అందరికీ అది చిన్నబండే. ముదురాకుపచ్చ రంగు, పొడుగాటి ముక్కు, ముందు గుండ్రంగా రెండు దీపాలు. నేలకి జానెడు ఎత్తులో కూర్చోవాలి. పైకి గుడ్డ టాపు ఒకటుంది గానీ మా ఆయన దాన్ని ఎప్పుడూ తగిలించనివ్వరు. తగిలిస్తే లోపల ఎవరున్నారో జనానికి ఎలా తెలుస్తుంది? ఇక సీట్లంటారా, రెండే.

ఒకటి డ్రైవరు యేసుదాసుది. రెండోది మా ఆయనది.

నవ్వకండి. ఇలాంటి బండి ఉన్నవాడెవడైనా తనే నడుపుకుంటాడు, పక్కన పెళ్ళాన్ని కూర్చోబెట్టుకుంటాడు. అది మీకూ నాకూ తెలుసు. కానీ మా ఊళ్ళో, మా వాళ్ళలో, మిల్లు ఓనరు స్టీరింగు పట్టుకోవడం నామోషీ. డ్రైవరుండాలి. డ్రైవరున్నాక అయ్యగారు అతని పక్కన కూర్చోవాలి. దాంతో రెండు సీట్లూ నిండిపోయాయి. ఆ ఏర్పాటులో పెళ్ళాం అనే మనిషి ఒకతె ఉంటుందని మా మామగారికీ తట్టలేదు, ఆయన కొడుక్కీ తట్టలేదు.

నామోషీ అన్నది పైకి చెప్పుకునే మాట. లోపలి సంగతి వేరే. మా ఆయన ఇరవై రెండేళ్ళప్పుడు సరదాపడి బండి తీశారట. మిల్లు కల్లంలో ఆరబోసిన ధాన్యం మీదికి ఎక్కించి, అక్కడి నుంచి తిన్నగా తీసుకెళ్ళి ప్రహరీ గోడకి కొట్టారట. కూలీలందరి ముందూ మా మామగారు నోటికొచ్చినట్టు తిట్టారట. ఆ తర్వాత మా ఆయన స్టీరింగు ముట్టుకోలేదు. ఇదంతా ఊరందరికీ తెలుసు. ఆయన ముందు ఒక్కరూ అనరు.

నేను కాపురానికొచ్చిన మొదటి వేసవిలో ఒకసారి అడిగాను. తోటకి బయల్దేరుతున్నాం. చిన్నబండిని తుడిచి, వాకిట్లో పెట్టారు.

"మరి నేనెక్కడ కూర్చోను?" అన్నాను.

"నువ్వు వెనక అంబాసిడర్లో రా, హాయిగా కాళ్ళు చాపుకోవచ్చు" అన్నారు మా ఆయన. ప్రేమగానే అన్నారు. అలా ప్రేమగా అనడమే నాకు ఒళ్ళు మండించింది. కసురుకుని ఉంటే తిరిగి ఓ మాట అనేదాన్ని. ఇంకెప్పుడూ అడగకూడదని ఆ రోజే అనుకున్నాను. అడిగి ఎక్కే బండి నాకక్కర్లేదు. ఆయనంతట ఆయన రమ్మంటే ఎక్కుతాను, లేకపోతే లేదు.

ఆ పంతం నలభై ఏళ్ళు సాగింది. అంబాసిడరు పోయి సుమో వచ్చింది, సుమో పోయి ఇన్నోవా వచ్చింది. నేను మాత్రం చిన్నబండి వెనకాలే. మా పవన్ ఐదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న ఒళ్ళో కూర్చుని ఆ బండిలో వెళ్ళాడు, నాకు చెయ్యి కూడా ఊపాడు వెధవ. ముందు బండిలో పెద్దవాళ్ళిద్దరి తలకాయలూ చూసి చూసి, మా ఆయన బట్టతల ఏ సంవత్సరం మొదలైందో, యేసుదాసు జుట్టు ఏ సంవత్సరం నెరిసిందో నేను చెప్పగలను.

యేసుదాసు మీద నాకేం కోపం లేదు. వినగడప మనిషి, నెమ్మదస్తుడు. బండి తీసే ముందు దాని ముక్కు మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, పెదాలు కదిలిస్తూ ప్రార్థన చేసుకుంటాడు. అతను ఆమెన్ అనేసరికి మా ఆయన వచ్చి నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెడతారు. ఇద్దరు దేవుళ్ళ పూచీ మీద నడిచే బండి అది. ఒకసారి ఊరికే మాటల్లో, "ప్రేమావతిని ఎప్పుడైనా ఎక్కించావా యేసుదాసూ?" అని అడిగాను. ప్రేమావతి అతని భార్య.

"అయ్యగారి బండి కదమ్మగారూ, ఎలా ఎక్కిస్తాను?" అన్నాడు. మళ్ళీ తనే, "అమ్మగారే ఎక్కలేదు గదండీ" అన్నాడు. ఇంట్లో ఆ సంగతి గమనించినవాడు అతనొక్కడే.

ఇక ఈ వేసవి సంగతి. బెజవాడలో పాత కార్లవాళ్ళ క్లబ్బు ఒకటుంది. దానికి పెద్ద, సురేష్ బాబు గారని ఒక డాక్టరు. మా ఆయన పోయినేడు అందులో చేరారు. చేరినప్పట్నుంచీ అద్దం ముందు నిలబడే సమయం పెరిగింది. మే నెల రెండో శనివారం అందరూ కార్లేసుకుని తిరువూరు వచ్చి, మా మిల్లులో టిఫిను చేసి, అక్కణ్ణుంచి ఎ.కొండూరు మీదుగా మా తోటకి ఊరేగింపుగా వెళ్ళి, చెట్ల కింద భోజనాలు చెయ్యాలని అనుకున్నారు. ఆదివారమైతే యేసుదాసు చర్చికి వెళ్ళాలి గనక శనివారం పెట్టించారు మా ఆయన. అంతా బాగానే ఉంది. ఒక్క చిక్కొచ్చింది. ఆ క్లబ్బులో ఎవరి కారు వాళ్ళే నడపాలి. డ్రైవర్లు పనికిరారు.

రెండు నెలల పాటు తెల్లవారుజామున మిల్లు కల్లంలో చిన్నబండి చప్పుడు వినబడేది. నాకు చెప్పలేదు. నేను మేడ మీద కిటికీలోంచి కాఫీ తాగుతూ చూసేదాన్ని. అరవై ఆరేళ్ళ మనిషి, లుంగీ మీద, స్టీరింగు రెండు చేతులా గట్టిగా పట్టుకుని కూర్చునేవారు. బండి నాలుగు గజాలు పోయి ఎగిరిపడి ఆగేది. పావురాలన్నీ లేచి మిల్లు చుట్టూ తిరిగి మళ్ళీ వాలేవి. పక్కన యేసుదాసు గొంతు వినబడేది.

"తొందరలేదండి అయ్యగారూ. క్లచ్చి మెల్లగా వదలండి. ఆ గోడ ఎటూ పోదండి."

రోజులు గడిచేకొద్దీ బండి ఎగరడం తగ్గింది. ఒకరోజు కల్లం చుట్టూ పూర్తిగా ఒక తిరుగుడు తిరిగింది. మా ఆయన మొహం చూడాలి, పదేళ్ళ పిల్లాడి మొహం. నాకు తెలియకుండానే నేనూ నవ్వాను. అప్పుడు ఠక్కున తట్టింది. ఈయన స్టీరింగు దగ్గర కూర్చుంటే, రెండో సీటు ఖాళీ అవుతుంది.

కల మళ్ళీ రావడం మొదలైంది ఆ రాత్రి నుంచే.

అరవై ఏళ్ళు దాటాక ఆశ పుడితే దాచుకోవడం ఎంత కష్టమో మీకు తెలియదు. బస్టాండు దగ్గర కొట్టుకెళ్ళి ఒక స్కార్ఫు కొన్నాను. లేత పసుపు, మీద చిన్న చిన్న తెల్లచుక్కలు. పైకప్పు లేని కార్లలో కూర్చున్న ఆడవాళ్ళు తలకి కట్టుకుంటారే, అలాంటిది. కొట్టువాడు "మనవరాలికా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. ఇంటికొచ్చి తలుపేసుకుని ఒకసారి కట్టి చూసుకుని, బీరువాలో చీరల అడుగున పెట్టాను. మా ఆయన్ని మాత్రం ఒక్క మాట అడగలేదు. ఆయనే అంటారు, అనక ఎక్కడికి పోతారు అనుకున్నాను.

ఆ శనివారం పొద్దున్నే ఎనిమిది కార్లు మిల్లు ముందు బారులు తీరాయి. ఎరుపు, తెలుపు, ఆకాశనీలం. ఊరు ఊరంతా రోడ్డు మీదకొచ్చింది. డాక్టరు గారు ఎర్రకారులోంచి దిగారు, పక్కనుంచి ఆయన భార్య శ్రీలలిత దిగింది, జుట్టంతా గాలికి చెదిరిపోయి ఉంది. ప్రతి కారులోంచీ ఒక మొగుడూ పెళ్ళాం దిగారు. నేను ఇడ్లీలు వడ్డిస్తూ ఆ ఆడవాళ్ళ జుట్టు చూస్తూ ఉండిపోయాను.

బయల్దేరే వేళైంది. స్కార్ఫు చేతిసంచిలో ఉంది. యేసుదాసు ప్రార్థన చేశాడు, మా ఆయన నిమ్మకాయలు పెట్టారు, వెళ్ళి స్టీరింగు దగ్గర కూర్చున్నారు. నేను మెట్ల మీద నిలబడ్డాను. ఆయన నావైపు చూశారు.

"గోవిందూ" అన్నారు. ఆయన నన్ను పిలిచేది అలాగే.

నా చెయ్యి సంచిలో స్కార్ఫు మీదికి పోయింది.

"స్వీట్లు ఇన్నోవాలో పెట్టించావా? వెనకాలే రండి. యేసుదాసూ, నువ్వు ఎక్కు. గేరు పడకపోతే చెప్పడానికి పక్కన ఉండాలి."

యేసుదాసు నావైపు చూసి, తల దించుకుని, వెళ్ళి కూర్చున్నాడు. నేను వెళ్ళి ఇన్నోవాలో కూర్చున్నాను. మిల్లులో పనిచేసే కిరీటి బండి తీశాడు. మాట్లాడితే ఏడుస్తానేమోనని నోరు మూసుకున్నాను. ఏడుపు కన్నా కోపమే ఎక్కువ ఉందిలెండి. స్వీట్ల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, దాన్ని విసిరికొట్టకుండా ఉండటానికి.

ఎ.కొండూరు దాటేదాకా ఎండ మండిపోతోంది. తర్వాత ఆకాశం ఉన్నట్టుండి రంగు మారింది. పడమటి నుంచి ఎర్రటి దుమ్ము లేచింది. పట్టపగలు పదకొండింటికి దీపాలు పెట్టే వేళైనట్టు చీకటి పడింది. తోటల్లోంచి కాయలు రాలుతున్న చప్పుడు, ధబ్ ధబ్ మని, ఆగకుండా వినబడుతోంది. ఆ వెంటనే ఈదురుగాలి, దాని వెనకే వాన, వానలో వడగళ్ళు. ముందు కార్లన్నిటికీ పైకప్పులు లేవు. ఎర్రకారులో శ్రీలలిత చీరకొంగు తల మీద పరుచుకుంటోంది. అందరికంటే ముందు చిన్నబండి పాములా మెలికలు తిరుగుతోంది. నా కోపం ఎటు పోయిందో. "రోడ్డు దాటించకు తండ్రీ" అని, ఏ దేవుడికో నాకే తెలియకుండా, దండం పెట్టుకున్నాను.

యేసుదాసు చెయ్యి పైకెత్తి ఎడమవైపు చూపించాడు. అక్కడ మామిడికాయల షెడ్డు ఒకటి ఉంది, లారీలకి కాయలెత్తే పెద్ద రేకుల షెడ్డు. చిన్నబండి అందులోకి మలుపు తిరిగింది. దాని వెనక మిగతావన్నీ, చివర మేమూ.

ఆ షెడ్డులో గడిపిన గంట నాకిప్పటికీ నిజంగా జరిగినట్టు ఉండదు. నేలంతా మెత్తగా వరిగడ్డి పరిచి ఉంది. గోడల వెంబడి నడుమెత్తున కాయల గుట్టలు. పండిన వాసన, పచ్చికాయ వాసన, తడిసిన గడ్డి వాసన, పెట్రోలు వాసన, అన్నీ కలిసి తలకెక్కుతున్నాయి. రేకుల మీద వడగళ్ళ మోతకి ఎవరు మాట్లాడినా వినబడటం లేదు, పెదాలు కదలడమే కనబడుతోంది. కార్లు దీపాలు ఆర్పలేదు. ఆ పసుపు వెలుతుర్లో గడ్డి మీద ఎరుపూ తెలుపూ నీలమూ కార్లు నిశ్శబ్దంగా ఆవిర్లు వదులుతున్నాయి. కాయలు ఏరే ఆడవాళ్ళు పదిమంది, చేతుల్లో కాయలు అలాగే పట్టుకుని, నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. నేను మళ్ళీ కలలోకి వచ్చానా అని నా చెయ్యి నేనే గిచ్చుకున్నాను.

వడగళ్ళు ఆగి వాన సన్నబడ్డాక మాటలు వినబడసాగాయి. శ్రీలలిత జుట్టు పిండుకుంటూ, పక్కనున్న ఒకావిణ్ణి చూసి నవ్వింది. నాగేశ్వరమ్మ ఆవిడ పేరు, మా తోటలో కూడా కోతలకి వచ్చేది, నాకు తెలుసు.

"కూర్చుంటావా? రా" అంది శ్రీలలిత, కారు తలుపు తీసి.

అంతే. అంత తేలిక. నాగేశ్వరమ్మ చీరకి చేతులు తుడుచుకుని, ఎర్రకారులో కూర్చుంది. పెద్దగా నవ్వింది. తోటివాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఒకరి తర్వాత ఒకరు ఎక్కి దిగారు. నేను నలభై ఏళ్ళు కాచుకుని కూర్చున్నది, రెండు మాటల్లో అయిపోయే పనా ఇది? వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. వాళ్ళ నవ్వు చూస్తే ముద్దొచ్చింది.

నాగేశ్వరమ్మ నా దగ్గరకొచ్చింది.

"మీరేది ఎక్కొచ్చారమ్మా? ఆ పచ్చదేనా, అయ్యగారిది?"

"కాదు. ఇన్నోవాలో వచ్చాను."

ఆవిడ చిన్నబండి వైపు చూసింది. మా ఆయన దాని పక్కనే నిలబడి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. యేసుదాసు సీట్లలో నిలిచిన నీళ్ళు గుడ్డతో పిండుతున్నాడు.

"రెండు సీట్లున్నాయి కదమ్మా. అయ్యగారొకటి. మరి రెండోది మీది కాదా?"

"అది డ్రైవరు గారిది" అన్నాను.

"ఈ రోజు అయ్యగారే డ్రైవరు కదా, నేను చూశాను. మరి రోజూ అయ్యగారు ఎక్కడ కూర్చుంటారు?"

"డ్రైవరు పక్కన."

నాగేశ్వరమ్మ వేళ్ళ మీద లెక్కేసుకుంది. ఆవిడలో వెటకారమేమీ లేదు, నిజంగానే అర్థంకాక అడుగుతోంది.

"ఐతే మీ సీట్లో ఆయన కూర్చుంటున్నారన్నమాట" అంది.

యేసుదాసు చేతిలో గుడ్డ ఆగిపోయింది. మా ఆయన కళ్ళద్దాలు తుడవడం ఆపి, పెట్టుకోకుండానే, సీటు వైపు చూస్తూ నిలబడిపోయారు. అద్దాలు లేకపోతే ఆయనకి ఏమీ కనపడదు. అయినా చూస్తూనే ఉన్నారు.

వాన జల్లులా మారింది. మళ్ళీ బయల్దేరాం. తోటకి ఇంకో రెండు కిలోమీటర్లుంది. మధ్యలో చిన్న వాగు, దాని మీద చప్టా. గట్టు గోడలు, రాళ్ళు ఏమీ ఉండవు, సిమెంటు పలక ఒక్కటే. వాగు పొంగి చప్టా మీదుగా ఎర్రటి నీళ్ళు పారుతున్నాయి, మడమల పైదాకా ఉంటాయేమో. లోతు భయం లేదు గానీ అంచు కనబడదు. ఇలాంటప్పుడు మా వైపు డ్రైవర్లలో ఒకరు దిగి ముందు నడుస్తారు. నడిచే మనిషి ఎక్కడ అడుగు వేస్తే బండి చక్రం అక్కడ వెయ్యాలి. అందరికంటే ముందున్న చిన్నబండి ఆగింది. యేసుదాసు దిగి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, ఒక కర్ర విరుచుకుని నీళ్ళలోకి నడిచాడు. కర్రతో అంచు తడుముతూ, వెనక్కి తిరిగి రమ్మని చెయ్యి ఊపాడు.

చిన్నబండి కదల్లేదు.

"ఇంజను ఆగిందేమో అమ్మా" అన్నాడు కిరీటి.

ఆగలేదు, చప్పుడు వినబడుతూనే ఉంది. మా ఆయన తలుపు తీసుకుని దిగారు. వానలో నిలబడ్డారు. తర్వాత వెనక్కి నడవడం మొదలుపెట్టారు. నీలం కారు దాటారు, తెల్లకారు దాటారు, ఎర్రకారు దాటారు. డాక్టరు గారు ఏదో అడిగారు, చెయ్యి ఊపేసి వచ్చేశారు. ఎనిమిది కార్లలోంచి పదహారు తలలు ఆయనతో పాటే తిరుగుతున్నాయి. పంచె కాళ్ళకి అంటుకుపోయింది, ఉన్న నాలుగు వెంట్రుకలూ నుదుటి మీద అతుక్కుపోయాయి. వచ్చి నా వైపు తలుపు తీశారు.

"దిగు గోవిందూ. ముందుకి రా" అన్నారు.

నలభై ఏళ్ళు ఎదురుచూసిన మాట. అది వింటే కాళ్ళు వాటంతట అవే దిగుతాయనుకున్నాను. దిగలేదు. నా నోరు ఊరుకోదు కదా.

"ఏం, యేసుదాసు దిగాడు గనక సీటు ఖాళీ అయిందా? ఖాళీగా ఉంటే బాగుండదని నన్ను కూర్చోబెడతారా?"

"కాదు."

"గేరు పడకపోతే నాకేం తెలుసు చెప్పడానికి?"

"గేరు నేను చూసుకుంటాను." ఆయన తలుపు పట్టుకునే ఉన్నారు. "నాకు నడపడం రాదని నీకు తెలియకూడదనుకునేవాణ్ణి. పెళ్ళినాడే అనుకున్నాను. పక్కన కూర్చోబెట్టుకుంటే, ఎందుకు నడపరని అడుగుతావేమో అని. అందుకే వెనక రమ్మన్నాను. తర్వాత అదే అలవాటైపోయింది. అలవాటైపోయాక నాకు కనబడటం కూడా మానేసింది."

"నాకు రాదని తెలియదనుకున్నారా? మీ గోడ సంగతి నేను కాపురానికొచ్చిన మూడో రోజే మా అత్తగారు చెప్పారు."

ఆయన మొహం చూస్తే నవ్వొచ్చింది. పాపం అనిపించింది. అయినా దిగలేదు.

"ఆ నాగేశ్వరమ్మ చెప్పింది నిజం" అన్నారు. "ఇన్నేళ్ళూ నేను కూర్చున్నది నీ సీటే. లేస్తున్నాను. వచ్చి కూర్చో."

అప్పుడు దిగాను.

ఎనిమిది కార్ల పక్కనుంచి నడుచుకుంటూ వెళ్ళాను. శ్రీలలిత నన్ను చూసి ఏదో అంది, నాకు వినబడలేదు. సీటు నిండా నీళ్ళు. యేసుదాసు పిండినా మళ్ళీ నిండింది. మా ఆయన భుజం మీది కండువాతో తుడవబోయారు, కండువాయే నీళ్ళోడుతోంది. "ఊరుకోండి" అని అలాగే కూర్చున్నాను. కొత్త నేత చీర మొత్తం తడిసింది. ఎంత కిందకి ఉంటుందో ఆ సీటు! వీధిలో చాప మీద కూర్చున్నట్టే ఉంది. ఎదురుగా పొడుగాటి పచ్చముక్కు, దానికవతల ఎర్రటి నీళ్ళు, ఆ నీళ్ళలో కర్ర పట్టుకుని యేసుదాసు. నన్ను చూశాడు. చూసి, కర్ర చంకలో పెట్టుకుని, రెండు చేతులూ జోడించాడు. తర్వాత ముందుకి తిరిగి నడవడం మొదలుపెట్టాడు.

"కళ్ళద్దాల మీద చినుకులు. ఏం కనపడటం లేదు" అన్నారు మా ఆయన, స్టీరింగు వదలకుండా.

సంచిలోంచి స్కార్ఫు తీశాను. పసుపు మీద తెల్లచుక్కలు. తలకి కట్టుకోవాలని ఇన్నాళ్ళూ దాచిన స్కార్ఫు. చెయ్యి చాపి ఆయన అద్దాలు తుడిచాను. మళ్ళీ చినుకులు పడ్డాయి, మళ్ళీ తుడిచాను. ఆయన అడుగు అడుగుకీ యేసుదాసు పాదాలు చూసుకుంటూ బండి నడిపారు. నీళ్ళు చక్రాల దగ్గర రెండుగా చీలి పోతున్నాయి. నేను చప్టా అంచు వైపు చూడలేదు. వాగు మీద ఒక తెల్లకొంగ మాతో సమంగా మెల్లగా ఎగురుతూ వచ్చింది, అవతలి గట్టు దాకా.

గట్టెక్కాక యేసుదాసు పక్కకి జరిగి దారిచ్చాడు.

"మీరు పదండి. మిగతా కార్లు దాటించి నేను ఇన్నోవాలో వస్తాను" అన్నాడు.

"యేసుదాసూ" అన్నాను. "రేపు ఆదివారం. ప్రేమావతిని ఈ బండిలో చర్చికి తీసుకెళ్ళు."

అతను మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నా వైపు చూశారు. ఇంకెవరినీ అడగాల్సిన పని లేదని ముగ్గురికీ అర్థమైంది.

బండి ముందుకి సాగింది. వాన వెలిసింది. మామిడిచెట్ల మధ్యగా దారి నల్లగా మెరుస్తోంది. రెండు పక్కలా రాలిన కాయలు, రాలిన ఆకులు, చెట్ల నుంచి ఇంకా కారుతున్న నీళ్ళు. ఎండ ఎక్కడో ఒక్కచోట చీల్చుకుని తోట మీద పడింది, తడిసిన ఆకులన్నిటి మీంచి సన్నటి పొగ లేస్తోంది. గాలి మొహానికి కొట్టింది. కొప్పు ఊడింది. పట్టించుకోలేదు. కలలో బండికి చప్పుడుండేది కాదు. ఇప్పుడుంది, గుండె కింద గురగురమంటూ. చప్పుడుంటేనే బాగుంది.

కుడివైపు మా తోట గేటు కనబడింది. గేటు దగ్గర వంటవాళ్ళు గొడుగులు పట్టుకుని నిలబడ్డారు. షామియానా ఒకవైపు కూలి ఉంది. మా ఆయన వేగం తగ్గించారు.

"గేటొచ్చింది" అన్నారు.

"చూశాను. పోనివ్వండి."

"భోజనాలు? వాళ్ళంతా వెనక వస్తున్నారు..."

"పోనివ్వండి."

ఆయన గేరు మార్చారు. పడింది. గొడుగులూ, వంటవాళ్ళూ, గేటూ వెనక్కి వెళ్ళిపోయాయి. దారి ఇంకా ఉంది, చెట్లు ఇంకా ఉన్నాయి. చాలా దూరం పోయాక, బండి నడుపుతున్నది ఎవరా అని పక్కకి తిరిగి చూశాను.

మెలకువ రాలేదు.